పంజాగుట్ట మీది గాలి, బేగంపేట టెలిస్కోపు: నేల మీంచి చూసే ఆకాశానికి పదును ఎక్కడ ఆగుతుంది?

అమీర్‌పేట, పంజాగుట్ట, బేగంపేట ఒకదానికొకటి ఆనుకునే చోట సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్ ఉంది. దాని చిరునామాలో ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే రాస్తారు. ఆర్థికవేత్తలు పనిచేసే ఆ ఆవరణలో ఒకప్పుడు 15 అంగుళాల టెలిస్కోపు నక్షత్రాలను చూసేది. అది ఎందుకు ఆగిపోయిందని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: ఊరు పెరిగింది, లైట్లు పెరిగాయి.

అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క జవాబులో మూడు వేర్వేరు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. మసక నక్షత్రాలు అసలే కనబడకపోవడం ఒకటి. కనబడిన నక్షత్రం చుక్కలా ఉండకుండా ముద్దగా అలుక్కుపోవడం మరొకటి. ఆ ముద్ద నడిబొడ్డు ఎక్కడుందో ఎంత కచ్చితంగా చెప్పగలమన్నది మూడోది. మొదటిది వెలుతురుకు, రెండోది గాలికి, మూడోది కొలిచే పద్ధతికి సంబంధించినవి. వీటిని విడదీయకుండా సాగే చర్చలో కటకాలవాళ్లు, కొండలవాళ్లు, కంప్యూటర్లవాళ్లు తలా ఒక కారణం చెబుతారు, అందరి మాటా కొంత నిజమే అవుతుంది. మూడింటికీ మంచి ఉదాహరణలు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి కాబట్టి ఇక్కడి నుంచే లెక్క తీయవచ్చు.

ఫిసల్‌బండ, బేగంపేట, రంగాపూర్

హైదరాబాద్ కులీనుడు నవాబు జాఫర్ జంగ్ 1901 ప్రాంతంలో ఇంగ్లండ్ నుంచి గ్రబ్ కంపెనీ 15 అంగుళాల కటకపు టెలిస్కోపును తెప్పించి, పాతబస్తీకి దక్షిణాన ఫిసల్‌బండలో వేధశాల మొదలుపెట్టారు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. 1908లో డైరెక్టరుగా వచ్చిన ఆర్థర్ చాట్‌వుడ్ కాలంలో వేధశాల బేగంపేటకు మారింది. తరువాత రాబర్ట్ పోకాక్, 1918 నుంచి రెండున్నర దశాబ్దాలు టి.పి.భాస్కరన్, ఆ పైన అక్బర్ అలీ దాన్ని నడిపారు. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది.

కొత్త చోట చేపట్టిన పెద్ద పని అంతర్జాతీయమైనది. ఆకాశాన్నంతా ఫొటో ప్లేట్ల మీదికి ఎక్కించి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో ప్రపంచ వేధశాలలు ఒప్పందం చేసుకున్నాయి. చిలీలోని శాంటియాగో చేయలేకపోయిన వాటా, అంటే ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ, హైదరాబాద్‌కు వచ్చింది. 8 అంగుళాల కుక్ కెమెరా టెలిస్కోపుతో 1914 నుంచి 1929 వరకు ఆ ప్లేట్లు తీశారు. ఆ తరువాత జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో కొంత భాగాన్నీ ఇక్కడే పూర్తిచేశారు.

1960లలో కె.డి.అభ్యంకర్ నాయకత్వంలో ఉస్మానియా నగరానికి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో, జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1968లో అది పనిలోకి వచ్చింది. బేగంపేట ప్రాధాన్యం అక్కడితో ముగిసింది. టెలిస్కోపు వ్యాసం 15 నుంచి 48 అంగుళాలకు పెరిగింది, ఊరి వెలుతురు దూరమైంది. మరి పదును మూడింతలు పెరిగిందా? మొత్తం వివాదానికి ముడి ఇక్కడే ఉంది.

కటకం పెట్టే హద్దు

దీని మీద ఇవాళ తగాదా లేదు. కాంతి తరంగం కాబట్టి ఎంత గొప్ప కటకమైనా నక్షత్రాన్ని బిందువుగా చూపలేదు, చిన్న బిళ్లగా చూపుతుంది. 1835లో జార్జ్ ఎయిరీ ఆ బిళ్ల సైజును లెక్కగట్టాడు. కటకం వెడల్పయ్యే కొద్దీ బిళ్ల చిన్నదవుతుంది. డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్‌సెకను అంటాం. ఆ కొలతలో, పసుపుపచ్చ కాంతికి, బేగంపేట 15 అంగుళాల కటకం హద్దు 0.36. రంగాపూర్ అద్దం హద్దు 0.11.

పంతొమ్మిదో శతాబ్దమంతా చర్చ ఈ హద్దు చుట్టూనే తిరిగింది. రెండు గాజుల కటకం అన్ని రంగులనూ ఒకేచోట కేంద్రీకరించలేదు, ఊదారంగు అంచు మిగిలిపోతుంది. పెద్ద కటకం తన బరువుకే వంగుతుంది. 1897లో అమెరికాలోని యెర్క్స్‌లో పెట్టిన 40 అంగుళాల కటకంతో ఆ దారి ముగిసి, అద్దాల యుగం వచ్చింది. కటకం మెరుగుపడితే బొమ్మ మెరుగుపడుతుందన్న నమ్మకం మాత్రం మిగిలింది. చిన్న టెలిస్కోపుల దాకా ఆ నమ్మకం సరైనదే. చేతి వెడల్పు దాటాక అది పనిచేయదు.

గాలి పెట్టే హద్దు

గాలి గురించి తొలినాళ్లలోనే స్పష్టంగా రాసినవాడు న్యూటన్. 1704లో వచ్చిన 'ఆప్టిక్స్'లో, గాలి వణుకును ఏ కటకమూ సరిదిద్దలేదనీ, ఎత్తైన కొండల మీది నిశ్చలమైన గాలి ఒక్కటే మందనీ ఆయన తేల్చాడు. 1856లో పియాజీ స్మిత్ టెనెరీఫ్ దీవి కొండ మీదికి టెలిస్కోపులు మోయించి ఆ మాటను పరీక్షించాడు. వణుకుకు లెక్క మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే కుదిరింది. పెద్ద సుడులు చిన్న సుడులుగా విరిగే తీరుకు 1941లో కోల్మొగరోవ్ సూత్రం ఇచ్చాడు. 1966లో డేవిడ్ ఫ్రైడ్ దాన్ని టెలిస్కోపుకు పనికొచ్చే ఒక్క పొడవుగా కుదించాడు. గాలి చెదరగొట్టని కాంతి ముక్క వెడల్పే ఆ పొడవు. అది 10 సెంటీమీటర్లుంటే నక్షత్ర బింబం సుమారు 1 ఆర్క్‌సెకను వెడల్పుంటుంది. 5 సెంటీమీటర్లకు పడిపోతే 2 అవుతుంది. అద్దం మీటరున్నా పది మీటర్లున్నా, మామూలు ఫొటోలో, ఆ వెడల్పు దాదాపు మారదు.

గాలి ఇంత బలంగా ఎందుకు పనిచేస్తుంది? ఒక డిగ్రీ వేడి తేడాకు గాలి వక్రీభవన గుణకం సుమారు పది లక్షల్లో ఒక వంతు మారుతుంది. చాలా చిన్న మాటలా వినిపిస్తుంది. కానీ ఒక మీటరు దారిలో ఒక్క డిగ్రీ తేడా ఉంటే కాంతి ప్రయాణంలో ఒక మైక్రాను తేడా వస్తుంది, అంటే పసుపు కాంతి తరంగానికి దాదాపు రెట్టింపు. ఎయిరీ బిళ్ల చెదిరిపోవడానికి తరంగంలో పావువంతు చాలు. వేసవి మధ్యాహ్నం అమీర్‌పేట రోడ్డు మీద తారు పైన బండ్లు అలల్లా కదిలినట్టు కనిపించేది ఈ కారణంగానే. టెలిస్కోపుకు అందులో వెయ్యోవంతు కూడా ఎక్కువే.

చిక్కు ఎక్కడంటే, ఆ వేడి తేడాలు ఏ ఎత్తున ఉన్నాయన్నదే. ఇక్కడ మూడు వాదాలున్నాయి.

మొదటిది పై గాలుల వాదం. పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున వేగంగా పారే జెట్ గాలుల అంచుల్లో సుడులు పుడతాయి. వర్షాకాలంలో దక్షిణ భారతం మీదుగా తూర్పు నుంచి పడమరకు సాగే జెట్ గాలిని 1958లో గుర్తించి వివరించింది తెలుగువాడైన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. అది బలంగా ఉండే నెలల్లో హైదరాబాద్‌లో ఎలాగూ మబ్బులే. పరిశీలనకు అనువైన చలికాలంలో పశ్చిమ జెట్ అక్షం ఉత్తర భారతం మీద ఉంటుంది. ఆ లెక్కన దక్కనుకు హిమాలయాలకు లేని ఒక సౌలభ్యం ఉందనవచ్చు.

రెండోది నేల గాలుల వాదం. దీనికి బలమైన సాక్ష్యం అంటార్కిటికా నుంచి వచ్చింది. అక్కడి డోమ్ సి శిబిరంలో 30 మీటర్ల ఎత్తుకు పైన బింబం వెడల్పు మధ్యగత విలువ 0.27 ఆర్క్‌సెకన్లని 2004లో ప్రకటించారు. నేల మట్టానికి దిగితే అదే చోట మసక ఎన్నో రెట్లు. అంటే చెడగొట్టేదంతా తాటిచెట్టు ఎత్తు లోపలే ఉంది.

మూడోది గుమ్మటం వాదం. మసకలో పెద్ద భాగాన్ని మనమే తయారుచేసుకుంటున్నామని 1980లలో హవాయి, చిలీ టెలిస్కోపుల దగ్గర తేలింది. బయటి గాలి కన్నా అద్దం ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే 0.4 ఆర్క్‌సెకన్ల స్థాయిలో మసక చేరుతుంది. గాలి ఆడే గుమ్మటంతో 1989లో చిలీలో మొదలైన న్యూ టెక్నాలజీ టెలిస్కోపు తొలి చిత్రాల్లోనే 0.33 చూపించడంతో ఈ వాదానికి గౌరవం పెరిగింది. చెప్పదగ్గ మాట ఒకటుంది. గొట్టం మూసి ఉండే పాతకాలపు కటకపు టెలిస్కోపులకు లోపలి గాలుల బెడద తక్కువ. బేగంపేట గ్రబ్‌కు ఆ మేలు ఉండేది.

నా అంచనాలో బేగంపేటకు ఎక్కువ వర్తించేది రెండో వాదం. పగలంతా వేడెక్కిన రాయి, కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని వదులుతూ కింది గాలిని కదిలిస్తాయి. పక్కనే ఉన్న హుస్సేన్‌సాగర్ గాలిని చల్లబరిచి మేలు చేసి ఉంటుందనేవారు ఉదయపూర్‌లో సరస్సు మధ్య కట్టిన సౌర వేధశాలను చూపుతారు. ఆ మేలు పగటిపూట సూర్యుణ్ణి చూసేవారికి, అదీ చుట్టూ నీళ్లున్నప్పుడు. గట్టు మీది రాత్రి వేధశాలకు అది అన్వయించదు.

హైదరాబాద్ వాటాకు వచ్చిన పట్టీతో మరో ఇబ్బంది కలిసింది. మన అక్షాంశం 17.4 డిగ్రీలు. దక్షిణ పట్టీ నడినెత్తి నుంచి 34 నుంచి 40 డిగ్రీల దిగువన దాటుతుంది. దారిలో గాలి పాతిక శాతం ఎక్కువ, మసక సుమారు 15 శాతం ఎక్కువ. పైగా ఆ కోణంలో గాలి పట్టకంలా పనిచేసి ఊదా నుంచి ఎరుపు దాకా రంగులను సుమారు 1 ఆర్క్‌సెకను మేర చీలుస్తుంది. నీలి కాంతికే స్పందించే ఆనాటి ప్లేట్లు ఈ చీలికను చాలావరకు తగ్గించాయి.

వెలుతురు మీది నింద

ఊరి వెలుతురు నక్షత్ర బింబాన్ని వెడల్పు చేయదు. ఆకాశపు నేపథ్యాన్ని తెల్లబరిచి మసక నక్షత్రాలను ముంచేస్తుంది. చంద్రుడు, శని, బృహస్పతి, ప్రకాశవంతమైన జంట తారలు పంజాగుట్ట నడిబొడ్డున కూడా రంగాపూర్‌లో ఎంత పదునుగా ఉంటాయో అంతే పదునుగా ఉండవచ్చు, గాలి సహకరిస్తే. దుమ్ము, పొగమంచు కూడా బింబం చుట్టూ పలచని వెలుగు వలయం వేస్తాయి తప్ప బింబపు నడిభాగాన్ని అలకవు.

అయితే వెలుతురుకు పూర్తిగా క్లీన్‌చిట్ ఇచ్చేవారితో కూడా ఏకీభవించలేం. నక్షత్రపు స్థానాన్ని కొలిచేటప్పుడు దోషం బింబం వెడల్పు మీద, సంకేతానికీ నేపథ్య అలజడికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. వెలుతురు రెండోదాన్ని చెడగొడుతుంది. కాబట్టి మసక నక్షత్రాల కొలతలో వెలుతురు, గాలి రెండూ దోషులే. కంటితో శనిని చూసేవారికి గాలి ఒక్కటే దోషి. ప్రశ్న ఏమిటో ముందు చెప్పకుండా 'వేధశాలను ఏది చెడగొట్టింది' అని వాదించుకుంటే తేలేదేమీ ఉండదు.

మసకలోంచి తీసిన కచ్చితత్వం

ఈ చర్చలో తరచు మరచిపోయేది బేగంపేట అసలు విజయం. పారిస్ ఒప్పందపు ప్లేట్ల మీద 1 ఆర్క్‌సెకను అంటే మిల్లీమీటరులో 60వ వంతు. గాలి మసక, గైడింగులో, అంటే కదిలే నక్షత్రాన్ని టెలిస్కోపుతో వెంబడించడంలో చేతి పొరపాటు, రసాయన పొరలో కాంతి వ్యాపించడం కలిసి ప్రతి నక్షత్రాన్నీ అంతకన్నా వెడల్పైన మచ్చగా మార్చాయి. అయినా గుండ్రని మచ్చ నడిబొడ్డును దాని వెడల్పులో చిన్న భాగం మేరకు కొలవవచ్చు. ఆ పట్టికలో దోషం ఆర్క్‌సెకనులో మూడో వంతు, అటూ ఇటూ.

ఆ కచ్చితత్వం విలువ డెబ్బై ఏళ్ల తరువాత బయటపడింది. 1989లో వెళ్లిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను కొత్తగా కొలిచింది. పాత స్థానం, కొత్త స్థానం మధ్య తేడాను కాలంతో భాగిస్తే నక్షత్రపు కదలిక తెలుస్తుంది. 0.3 ఆర్క్‌సెకన్ల పాత దోషాన్ని 70 ఏళ్లకు పంచితే ఏడాదికి మిగిలేది ఆర్క్‌సెకనులో వెయ్యో వంతులు నాలుగే. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలకు ఆ పాత ప్లేట్ల పట్టికే ప్రధాన ఆధారం, అందులో హైదరాబాద్ వాటా ఉంది. గయా ఉపగ్రహం వచ్చాక టైకో-2 అవసరం చాలావరకు తీరిపోయింది. అంతవరకు ఆ పని చేసింది అమీర్‌పేట పక్కన నిమిషాల కొద్దీ గైడింగ్ దారం మీద కన్ను వేసి కూర్చున్న మనుషుల ఓపిక.

తప్పించుకునే దారులు

గాలి హద్దును దాటడానికి నాలుగు మార్గాలు ప్రయత్నించారు.

మంచి చోటు వెతకడం అన్నిటికన్నా పాతది. మన దేశంలో దీనికి పెద్దదిక్కు వేణు బప్పు. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి కావడంతో హైదరాబాద్‌లోనే పెరిగి, నిజాం కళాశాలలో చదివి, 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్క ఆవిష్కరణలో పాలుపంచుకున్నారు. తరువాత తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నిలబెట్టారు. ఆ వరస లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లే, నైనీతాల్ దగ్గరి దేవస్థల్ దాకా సాగింది.

గాలిని పూర్తిగా వదిలిపోవడం రెండోది. కావలూరులో 1986లో మొదలైన వేణు బప్పు టెలిస్కోపు అద్దం 2.34 మీటర్లు. 1990లో ఎగిరిన హబుల్ అద్దం 2.4 మీటర్లు. వివర్తన హద్దు, అంటే ఎయిరీ బిళ్ల పెట్టే హద్దు, రెండింటికీ సుమారు 0.06 ఆర్క్‌సెకన్లే. 1993లో దిద్దుబాటు తరువాత హబుల్ ఆ హద్దును అందుకుంది. కావలూరు అందుకోలేదు, గాలి చెడుపును సరిచేయకుండా అందుకోవడం సాధ్యమూ కాదు. అద్దం సైజు దాదాపు ఒకటే అయినా గాలి ఎంత తినేస్తుందో చూపడానికి ఇంతకన్నా మంచి జత లేదు.

గాలి చేసిన చెడుపును అప్పటికప్పుడు సరిచేయడం మూడోది. హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే వంగే అద్దం ఆలోచన చెప్పాడు. 1989లో ఫ్రాన్స్‌లో 1.52 మీటర్ల టెలిస్కోపు మీద పరారుణ కాంతిలో అది ఫలించింది. పరారుణం ముందు లొంగడానికి కారణముంది: ఫ్రైడ్ పొడవు తరంగదైర్ఘ్యంతో పాటు పెరుగుతుంది. దృశ్యకాంతిలో 10 సెంటీమీటర్లున్నది 2.2 మైక్రాన్ల దగ్గర దాదాపు 60 అవుతుంది. 2018లో చిలీలోని 8.2 మీటర్ల వీఎల్‌టీ దృశ్యకాంతిలోనే నెప్ట్యూన్‌ను హబుల్‌కు దీటుగా చూపింది. కానీ సరిదిద్దగలిగేది చాలా చిన్న ఆకాశపు ముక్కనే.

నాలుగోది ఎంచుకోవడం. గాలి ఒక్కో క్షణం నిలకడగా ఉంటుంది, ఆ క్షణాన్ని పట్టుకోవాలి. అలాంటి క్షణం ఎంత అరుదో 1978లో ఫ్రైడ్ సూత్రం ఇచ్చాడు. దాన్ని మన టెలిస్కోపులకు వేసి చూస్తే ఫలితాలు ఆశ్చర్యపరుస్తాయి. 1 ఆర్క్‌సెకను రాత్రిలో బేగంపేట 15 అంగుళాలకు సగానికి పైగా క్షణాలు మంచివే. 2 ఆర్క్‌సెకన్ల రాత్రిలో 1,500కు ఒకటి. సెకనుకు వంద ఫ్రేములు తీసే నేటి చిన్న కెమెరాకు అది పావు నిమిషం పని. రంగాపూర్ 48 అంగుళాలకు, 1 ఆర్క్‌సెకను మంచి రాత్రిలో కూడా, అదృష్ట క్షణం 200 కోట్లలో ఒకటి. అదే కెమెరాతో ఎనిమిది నెలలు ఆపకుండా తీస్తే ఒక్కటి దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో చిన్న కటకం పెద్దదాన్ని ఓడిస్తుంది. కంటితో జంట తారలను చూసే పాతతరం పరిశీలకులు ఐపీసు దగ్గర ఓపికగా కాచుకున్నది ఇలాంటి క్షణాల కోసమే.

ఇంకో తెలివైన పద్ధతి చంద్రుడితో. నక్షత్రం చంద్రుడి అంచు వెనక్కి పోయేటప్పుడు వివర్తనం జరిగేది మన గాలిలో కాదు, 3.8 లక్షల కిలోమీటర్ల అవతల. ఆ వెలుగు తరిగే తీరును వేగంగా నమోదు చేస్తే నక్షత్రపు వ్యాసం వెయ్యోవంతు ఆర్క్‌సెకన్లలో తేలుతుంది, గాలి ఎలా ఉన్నా. మౌంట్ ఆబూలో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ పరారుణంలో ఈ పని చేసింది. బేగంపేటలో కూడా చంద్రుడు నక్షత్రాలను కప్పే క్షణాలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. అవి చంద్రుడి స్థానం కోసం, కంటితో. నక్షత్ర వ్యాసానికి కావలసింది సెకనులో వందోవంతు కన్నా వేగం.

తేలనివి

పెద్ద టెలిస్కోపుల ప్రపంచంలో తేలనిది, దిద్దుబాటును విశాలమైన ఆకాశానికి ఎలా విస్తరించాలన్నది. సుడుల్లో అతిపెద్దది ఎన్ని మీటర్లుంటుందన్న లెక్క కూడా చోటును బట్టి, రాత్రిని బట్టి మారుతూ ఉంది. 39 మీటర్ల యూరోపియన్ టెలిస్కోపుకు అది కీలకం.

మన దగ్గర తేలనివి ఇంకా ప్రాథమికమైనవి. నగరపు వేడి రాత్రి గాలిని ఏం చేస్తుందన్న మాటకు రెండు వైపులా తర్కం ఉంది. పల్లెలో రాత్రి నేల చల్లబడి, నేలకు అంటుకుని పలచని, కల్లోలమైన పొర ఏర్పడుతుంది. స్తంభం మీద పెట్టిన టెలిస్కోపు దాన్ని దాటవచ్చు. నగరంలో నేల వెచ్చగా ఉండి గాలి మరింత ఎత్తు వరకు కలగలుస్తుంది. ఏ ఎత్తున, ఏ గంటకు ఏది మేలన్నది ఊహతో తేలే విషయం కాదు. పాత ప్లేట్లలోని మచ్చల వెడల్పుతో ఆనాటి బేగంపేట గాలిని అంచనా వేయలేం, రసాయన పొర వ్యాపనం గాలి జాడను మింగేస్తుంది.

రంగాపూర్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. 48 అంగుళాలను పదును కోసం తెచ్చారని తూచడం అన్యాయం. గ్రహణ జంట తారల వెలుగు మార్పులను కొలవడానికి బింబం అలుక్కుపోయినా పెద్ద నష్టం లేదు, చీకటి ఆకాశం, పెద్ద అద్దం కావాలి. అక్కడ జరిగిన పని అదే, దానికి చోటు సరైనదే.

నిర్ధారణకు కావలసిన పరికరాలు ఖరీదైనవి కావు. ఒకే నక్షత్రాన్ని రెండు చిన్న ద్వారాల గుండా చూసి, రెండు బింబాల సాపేక్ష వణుకు నుంచి ఫ్రైడ్ పొడవును తీసే పద్ధతి 1990 నుంచి ప్రామాణికం. అడుగు లోపు టెలిస్కోపు చాలు. బేగంపేట విమానాశ్రయం దగ్గర వాతావరణ శాఖ బెలూన్లు ఎత్తు వారీగా గాలి వేగం, ఉష్ణోగ్రత నమోదు చేస్తూనే ఉన్నాయి. అలాంటి పరికరం ఒకటి పంజాగుట్ట మిద్దె మీద, ఒకటి రంగాపూర్‌లో, అక్టోబరు నుంచి మే దాకా ఒకే రాత్రుల్లో పనిచేసి, ఆ బెలూన్ల లెక్కతో సరిపోల్చితే నేల గాలి వాటా ఎంత, పై గాలి వాటా ఎంత అన్నది అంకెల్లో తేలుతుంది. రెండు చోట్ల వణుకూ ఒకేలా ఉంటే దోషం పై గాలులది, ఊరు కదలడం వల్ల దక్కింది చీకటి మాత్రమే. పంజాగుట్ట మీద ఎక్కువైతే కాంక్రీటుది. ఆ తేడా ఎంత ఎత్తున మొదలవుతుందో తెలిస్తే, దక్కనులో తరువాతి టెలిస్కోపును ఎన్ని మీటర్ల స్తంభం మీద కట్టాలో కూడా దాంతోనే తెలుస్తుంది.